వృద్ధనిలయముల తనిఖీ

కర్నూలు జిల్లాలో, గుత్తికి చేరువగా, ఎర్రగుడి యను గ్రామము కలదు. అచ్చటి బండలమీద అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడి యున్నవి. వానిలో అయిదవ శిలాశాసనము ధర్మమహామాత్రు లను అధికారులనుగూర్చి చెప్పును. పట్టాభిషేకమైన పదుమూడేండ్లకు చక్రవర్తి వారిని క్రొత్తగా నియమించెను. అనాథల యొక్కయు, వృద్ధుల యొక్కయు క్షేమమును విచారించుట వారి పనులలో నొకటి. ఇది క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దపు మాట. ముసలివారిని పోషించుట ధర్మమైనచో, ఆ పోషణ సరిగా జరుగుచున్నదా యని పోయి చూచుటయు నొక ధర్మమేయని ఆనాడే గుర్తించిరన్న మాట. పోయిన మహామాత్రులు ఏమి చూచిరో ఆ రాతిమీద లేదు.

చూచుట యెంత కష్టమైన పనియో తెలిసికొనవలెనన్న ఇంగ్లండు దేశపు చరిత్రను పరికింపవలెను. ఆ చరిత్రకు కాగితములు నిలిచి యున్నవి. అధికారుల పొరపాట్లు సైతము అచ్చుపడి యున్నవి.

1834లో ఆ దేశమున బీదల చట్టమును సవరించిరి. పనిచేయగలవాడు ధర్మపుకూడు తిని కూర్చుండరాదన్నది సవరణ కర్తల పట్టుదల. పల్లెలను కొన్నికొన్నిగా జతపరచి, ఒక్కొక్క కూటమికి ఒక్కొక్క వర్క్‌హౌసును ఏర్పరచిరి. లోపలివాని బ్రతుకు బయటి కూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెను. అప్పుడే గాని జనము అటు రాక మానరని వారి లెక్క. ఈ కాఠిన్యము ఒడలు వంచని పడుచువానికై ఉద్దేశించినది. దాని వాత పడినవారిలో పోవుటకు వేరు చోటు లేని ముసలివారు ఎందరో యుండిరి. నలువదేండ్లు కాపురము చేసిన దంపతులైనను లోపల అడుగుపెట్టగానే ఆయన మగవారి వైపునకు, ఆమె ఆడవారి వైపునకు పోవలసినదే. అరువదేండ్లు దాటిన ఆలుమగలను బలవంతముగా విడదీయరాదన్న నిబంధన 1847లో గాని రాలేదు.

ఆ కాలముననే ఆండోవరు కథ జరిగెను. హాంప్‌షైరు ప్రాంతమందలి ఆ వర్క్‌హౌసులో మగవారికి ఎముకలు దంచు పని పెట్టిరి. దంచిన పొడి పొలములకు ఎరువుగా పోవును. ఆ పని చేయువారు ఆకలికి తాళలేక, కుళ్ళిన యెముకలను కొరికి మూలుగను తినుచున్నారని 1845లో బయటపడెను. బయటపెట్టినవాడు పరాయివాడు కాడు; ఆ సంస్థ పాలకవర్గములోనే సభ్యుడైన హ్యూ మండీ యను రైతు. తోటి సభ్యులు అతని మాట చెవిని బెట్టలేదు. అప్పుడు థామస్ వాక్లీ, అనగా 'లాన్సెట్' అను వైద్యపత్రికను స్థాపించిన పార్లమెంటు సభ్యుడు, ఆగస్టు 1వ తేదీన కామన్సు సభలో ప్రశ్న వేసెను. ప్రభుత్వము విచారణ జరుపక తప్పలేదు. ఎముకల సంగతి నిజమని తేలెను. దానితోపాటు, అసలే చాలీచాలని తిండిలో కొంత భాగమును మేస్త్రీగా నున్న అధికారి కాజేయుచుండెననియు తేలెను.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. ఆండోవరునకు తనిఖీ అధికారి లేకపోలేదు. హెన్రీ పార్కరు అను ఉపకమిషనరు ఆ ప్రాంతమునకు బాధ్యుడు. లెక్కల పుస్తకములు ఉండెను. మనిషి కెంత రొట్టె, ఎంత జున్ను అన్న ఆహారపట్టిక యుండెను. పట్టికను చూచువానికి అంతయు సక్రమముగనే కనబడును. పట్టికకును పళ్ళెమునకును నడుమనున్న దూరము అందులో కనబడదు. పైనున్న కమిషనర్లు నెపమును పార్కరుపై మోపి అతనిచేత రాజీనామా ఇప్పించిరి. మొక్కుబడికి మేకను దొరకించుకొన్నట్లు! అయితే 1846లో కామన్సు సభ నియమించిన సంఘము పై అధికారుల నడవడినే తప్పుపట్టెను. మరుసటి సంవత్సరము ఆ కమిషనే రద్దయి, పార్లమెంటునకు జవాబుదారియైన బోర్డు దాని స్థానమున వచ్చెను. తనిఖీ చేయువారిని ఎవరు తనిఖీ చేయవలెనన్న ప్రశ్న అట్లు లేచినది. అది నేటికిని కూర్చుండలేదు.

ఉద్యోగులు చూడనిది ఉద్యోగము లేనివారు చూచిరి. తేయాకు వర్తకమున పేరుగాంచిన ట్వైనింగు వంశపు ఆడపడుచు లూయిసా ట్వైనింగు 1853లో తనకు తెలిసిన యొక ముసలమ్మను పలుకరింపబోయి లండనులోని స్ట్రాండు వర్క్‌హౌసులో ప్రవేశించెను. తిరిగి వచ్చిన తరువాత ఆమెకు ఆ తలపు విడువలేదు. స్త్రీలు వారమువారము పోయి ముసలివారితో మాటలాడి వచ్చుటకు అనుమతి కోరగా అధికారులు అభ్యంతరము చెప్పిరి. పట్టు విడువక 1858లో ఆమె వర్క్‌హౌసు సందర్శన సంఘమును నెలకొల్పెను. ఆ సంఘమునకు చట్టబద్ధమైన అధికారము ఆవగింజంతయు లేదు. కుర్చీ లాగుకొని మంచముప్రక్కన కూర్చుండుటే దాని అధికారము. 1865లో 'లాన్సెట్' పత్రిక తన సొంత ఖర్చుతో వైద్యులను లండను వర్క్‌హౌసుల రోగిశాలలకు పంపెను. రోగులకు ఉపచారము చేయువారు చాలచోట్ల ఆ బీదలలోనివారే. ముసలివారు, చదువు రానివారు, మందుసీసాపై చీటీ చదువలేనివారు. ఆ నివేదికల ఫలితముగా 1867లో లండను బీదలకు ప్రత్యేకముగ వైద్యశాలలు కట్టించు చట్టము వచ్చెను.

తరువాతి ఎనుబదేండ్లను వేగముగ దాటవచ్చును. వర్క్‌హౌసులు 1930లో కౌంటీ సభల పరమయ్యెను. పేరు మారెను, గోడలు మారలేదు. 1948 జూలై 5వ తేదీన జాతీయ సహాయ చట్టము అమలునకు వచ్చి బీదల చట్టమును పూర్తిగా తుడిచివేసెను. వృద్ధులకు నివాసము కల్పించుట స్థానిక ప్రభుత్వముల విధి యయ్యెను. ప్రైవేటు నివాసములు రిజిస్టరు చేయించుకొని తనిఖీకి లోబడవలెను. మంత్రి అన్యూరిన్ బెవన్ ఆశయము ఉదాత్తమైనది: ముప్పదిమందికి మించని చిన్న చిన్న యిండ్లు, అందు నివసించువాడు హోటలులో దిగిన అతిథివలె మన్నన పొందవలెను.

పదేండ్లు గడచిన తరువాత, ఆ ఆశయమేమైనదో పోయి చూచినవాడు పీటర్ టౌన్సెండ్. అప్పటికతడు ముప్పదేండ్ల యువ సామాజిక శాస్త్రవేత్త. ఇంగ్లండు, వేల్సులలో 173 నివాసములను ఎంచుకొని అతడును అతని సహాయకులును తిరిగిరి. నిర్వాహకులతో మాటలాడిరి, క్రొత్తగా చేరిన వృద్ధులతో మాటలాడిరి, ఛాయాచిత్రములు తీసిరి. అంతటితో తృప్తి చెందక, ఒక పాత వర్క్‌హౌసులో ముసలివారికి స్నానము చేయించు పనివానిగా టౌన్సెండ్ స్వయముగ కుదిరెను. ఏ ఇన్‌స్పెక్టరునకు తోచిన ఆలోచన యిది? అతిథి వచ్చునన్న రోజున దుప్పట్లు మార్చుదురు, పూలగుత్తి పెట్టుదురు. స్నానపుగదిలో నీళ్ళు పోయువానియెదుట ఎవరును వేషము వేయరు.

1962లో వెలువడిన 'చివరి ఆశ్రయము' అను అతని గ్రంథము చూపినదేమనగా, కౌంటీ సభల ఆధీనములోని వసతిలో సగమునకు పైగా అప్పటికిని పాత వర్క్‌హౌసులలోనే యున్నది. మంచమునకు మంచము చేరువ. సొంత వస్తువు దాచుకొనుటకు చోటు అరుదు. పగలంతయు గోడల వెంబడి కుర్చీలలో వరుసగా కూర్చుండుట, పొరుగు కుర్చీలోని వారితో మాటైనను లేకుండుట. కేవలము వసతిగదుల కొలతలు తీసి ఊరుకొనక, టౌన్సెండ్ నాణ్యతకు ఒక కొలమానమునే తయారుచేసెను. సౌకర్యములు, సిబ్బంది సంఖ్య వానితోపాటు వృద్ధునికి దినచర్యలో ఎంత స్వేచ్ఛ కలదు, చేతికి పని కలదా, బయటి జనముతో సంబంధము కలదా అన్నవియు అందు లెక్కకు వచ్చును. నా యెరుకలో ఈ కొలమానమే తనిఖీచరిత్రలో పెద్ద మలుపు. దానితో కొలచి అతడు చేరిన నిర్ణయము మరింత సాహసమైనది. చాలమంది అక్కడికి వచ్చినది నడువలేక కాదు. తగిన యిల్లు లేక, దగ్గరి బంధువులు లేక. కనుక ఇట్టి నివాసములను క్రమముగ మాన్పి, వృద్ధులకు చిన్న యిండ్లను, ఇంటికి వచ్చి సాయము చేయువారిని ఏర్పరుపవలెనని వ్రాసెను. పరీక్షింపబోయినవాడు పరీక్షాంశమునే త్రోసిపుచ్చెను!

టౌన్సెండ్ వ్రాసిన దానిని ప్రభుత్వము ఖండింపలేదు, ఆచరింపనులేదు. 1965లో బార్బరా రాబ్ అను మహిళ లండనులోని ఫ్రైర్న్ ఆసుపత్రిలో నున్న ఒక వృద్ధురాలిని చూడబోయెను. అచ్చటి ముసలివారివద్ద కండ్లద్దాలు, కట్టుడుపళ్ళు, చెవియంత్రములు తీసివేసి యుండుటను ఆమె గమనించెను. కన్ను, నోరు, చెవి మూసిన మనిషి ఫిర్యాదు ఎట్లు చేయును? ఆమె 1967లో పుస్తకము ప్రకటింపగా అధికార విచారణలు ఆరోపణలను చాలవరకు కొట్టివేసెను. కాని 1969లో కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిపై వచ్చిన నివేదిక అట్టి దుష్కృత్యములు నిజమేనని స్థాపించెను. ఆ యేడే ఆసుపత్రులను చూచి వచ్చుటకు ప్రత్యేక సంస్థ యేర్పడెను.

నేటి ఇంగ్లండులో ఈ పని 2009లో వచ్చిన కేర్ క్వాలిటీ కమిషనుది. ముందు చెప్పకుండ పోవుదురు. నివేదికను ఎవరైనను చదువవచ్చును. నివాసములకు నాలుగు శ్రేణులు కలవు. స్వయముగ సేవలు పొందినవారినో, అట్టివారి బంధువులనో ఇన్‌స్పెక్టర్ల వెంట పంపెదరు. లూయిసా ట్వైనింగు కుర్చీకి ఇన్నాళ్ళకు అధికారము దొరికినదన్న మాట. చిన్నవిగా తోచు సంగతులే అందు ప్రాణాధారములు. స్నానపుతొట్టిలోని వేడినీరు 44 డిగ్రీల సెల్సియసును మించరాదు. ముసలి చర్మము త్వరగా బొబ్బలెక్కును, త్వరగా తప్పుకొనుటకు కాళ్ళు రావు. అయినను 2020 మార్చి 16వ తేదీన, మహమ్మారి ముంచుకొని వచ్చినవేళ, నిత్య తనిఖీలు నిలిచిపోయెను. బంధువులకును తలుపులు మూసిరి. ఆ వసంతమున వృద్ధనిలయములలో వేలమంది మరణించిరి.

టౌన్సెండ్ చూచిన 173 నివాసములు ఏమైనవో తెలిసికొనుటకు 2005, 2006 సంవత్సరములలో కొందరు పరిశోధకులు మరల బయలుదేరిరి. ఇంకను నడుచుచున్న వానిలో ఇరువదింటిని లోతుగా పరిశీలించిరి. స్వంతగది కలిగినవారు పెరిగిరి. కాని లోపలికి వచ్చువారు మునుపటికంటె మిక్కిలి ముసలివారు, మిక్కిలి అశక్తులు. ఇల్లు లేక వచ్చువారు తగ్గి, ఒంటిలో శక్తి లేక వచ్చువారు మిగిలిరి.

మన దేశమున తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చెను. దాని 19వ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వములు జిల్లాకు కనీసము ఒక వృద్ధాశ్రమమును స్థాపింపవచ్చును. ప్రమాణములను నిర్ణయించుటయు ఆ సెక్షనులోనే కలదు. "స్థాపింపవలెను" అని కాదు, "స్థాపింపవచ్చును" అని శ్రోతలు గమనింతురు గాక. ఒక్కొక్క ఆశ్రమమున కనీసము 150 మందికి చోటుండవలెనని అందున్నది. బెవన్ తలచిన యిల్లు ముప్పదిమందికి.