అమెరికా కళాశాలల సోదరసంఘములు, విద్యార్థివేతనములు

సంస్కృతమునందలి భ్రాతృశబ్దమును, లాటినునందలి ఫ్రాటర్ శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఈ రెండవదానినుండి యేర్పడిన ఫ్రెటర్నిటీ యను మాట అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొక విశేషార్థమున రూఢమైనది. ఒక కళాశాలయందు చదువుచు, కొన్ని నియమములకు ప్రతిజ్ఞాబద్ధులై, గ్రీకు అక్షరములను పేరుగా దాల్చిన విద్యార్థుల కూటమికి ఆ పేరు చెల్లును. ఒకే గురువునొద్ద చదువువానికి సతీర్థ్యుడనియు, ఒకే వేదశాఖ నధ్యయనము చేయువానికి సబ్రహ్మచారియనియు పాణినిసూత్రములచే రూపములు సిద్ధించుచున్నవి గాని ఆ శబ్దములకు సంఘార్థము లేదు. కావున నీ వ్యాసమున సోదరసంఘమను మాటయే గ్రహింపబడినది. ఇట్టి సంఘములు తమ సభ్యులకును ఇతరులకును ఇచ్చిన వేతనముల చరిత్ర పైకి చూచుటకు లెక్కల పట్టికవలె దోచును. కాని యందొక భాగము దేశపు సర్వోన్నత న్యాయస్థానముదాక పోయినది.

వీనిలో మొట్టమొదటిది ఫై బీటా కప్పా. 1776వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, అనగా అమెరికా స్వాతంత్ర్యప్రకటన వెలువడిన యయిదునెలలకు, వర్జీనియాలోని విలియమ్స్‌బర్గు పట్టణమున విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థు లయిదుగురు దీనిని స్థాపించిరి. జాన్ హీత్ అనునాతడు ప్రథమాధ్యక్షుడు. ఆ మూడు గ్రీకు అక్షరములు "విజ్ఞానప్రేమయే జీవితమునకు కర్ణధారి" యను నర్థమిచ్చు మూడు పదముల మొదటి యక్షరములు. కర్ణధారియని యిచట ననువదింపబడిన గ్రీకు శబ్దమునకు ఓడ చుక్కాని పట్టువాడనియే ముఖ్యార్థము. గుప్తప్రతిజ్ఞ, రహస్యమైన కరస్పర్శ, మెడలో వ్రేలాడు పతకము మున్నగు లాంఛనములన్నియు నీ సంఘమున నుండెను. 1780లో యేల్‌నందును 1781లో హార్వర్డునందును శాఖలు వెలసినవి. ఆ 1781లోనే ఆంగ్లసేనలు సమీపించుటచే మాతృశాఖ మూతపడెను. తల్లి మూతపడియు బిడ్డలు బ్రదుకుటచేత సంఘము నిలిచినది.

1831లో హార్వర్డుశాఖ రహస్యమును విడిచిపెట్టినది. గుప్తసంఘములపై నానాడు దేశమున రేగిన యాందోళనమే దీనికి కారణము. ఆ పిమ్మట ఫై బీటా కప్పా స్నేహగోష్ఠిగా గాక, చదువున మేటియైనవారిని కళాశాలయే గుర్తించు గౌరవముగా మారెను. అది యిచ్చిన బహుమానము ధనము కాదు. ఒక చిన్న బంగారు తాళపుచెవి. 1837లో హార్వర్డుశాఖ యెదుట ఎమర్సను "అమెరికా విద్వాంసుడు" అను ప్రసిద్ధోపన్యాసమును గావించెను. విద్యార్థిదశలో నాతని స్థానము తరగతిలో మధ్యస్థముగా నుండుటచే నాడాతని నెన్నుకొనలేదు. తరువాత గౌరవసభ్యునిగా జేర్చుకొనిరి. మార్కులను నమ్ముకొన్న యే సంఘమున కయినను నిట్టి చిక్కు తప్పదు. 1875లో వెర్మాంటు విశ్వవిద్యాలయశాఖ స్త్రీలను మొదటిసారి చేర్చుకొనెను. ధనరూపమైన పారితోషికములు చాల యాలస్యముగా వచ్చినవి. గ్రీకు భాషను, ఫ్రెంచి భాషను పరిశోధించు యువతులకు సిబ్లీ పేర నొక వేతనమును, 1950 మొదలు సాహిత్యవిమర్శ గ్రంథములకు గాస్ పేర నొక బహుమానమును, 1959లో శాస్త్రగ్రంథములకును, 1960లో చరిత్ర తత్త్వాది గ్రంథములకును వేరువేరు బహుమానములును ఏర్పడినవి. చివరిదానికి పెట్టిన పేరు ఎమర్సనుదే.

నివాసగృహములు, విందులు, పాటలు గల సాంఘికసోదరసంఘముల తీరు వేరు. 1825లో న్యూయార్కు రాష్ట్రమున స్కెనెక్టడీలోని యూనియన్ కళాశాలలో కప్పా ఆల్ఫా సంఘమును, 1827లో నక్కడనే మరి రెండును పుట్టినవి. ఇవి పందొమ్మిదవ శతాబ్దమున దేశమంతట వ్యాపించెను. వీనికి ధనవంతుల బిడ్డల విలాసస్థానములని యపకీర్తియు గలదు. అది యంతయు నబద్ధము కాదు. స్త్రీల సంఘములలో విద్యార్థినులకు ధనసాహాయ్యమును ముఖ్యకార్యముగా బెట్టుకొన్నది పి.ఇ.ఓ. అనునది. 1869లో అయోవాలోని మౌంట్ ప్లెజంటు పట్టణమున నేడుగురు విద్యార్థినులచే కళాశాలలో నారంభింపబడి, క్రమముగా కళాశాల గోడలు దాటి గృహిణుల సంఘమైనది. 1907లో చదువుకొను యువతులకు అప్పులిచ్చు నిధిని నెలకొల్పెను. ఉచితముగా నీయక అప్పుగా నిచ్చుటయందొక యుక్తి గలదు. ఒకతె తీర్చిన సొమ్ము మరియొకతెకు చేరును గనుక నిధి తరుగదు, పుచ్చుకొన్నదానికి యాచకత్వదోషము నంటదు. 1949లో నితరదేశముల యువతులు అమెరికా కెనడాలలో చదువుటకు వేతనమునుగూడ నీ సంఘమే యేర్పరచెను.

ఇంతవరకు చెప్పిన సంఘములు చాలకాలము తెల్లవారికే చెల్లినవి, లేదా నూటికి తొంబదిపాళ్లు తెల్లవారివే. ఆఫ్రికాసంతతివారి విషయము భిన్నము. న్యూయార్కు రాష్ట్రమున ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1904-05లో చదివిన నల్లజాతి విద్యార్థులలో నార్గురు మరుసటియేడు తిరిగి రాలేదు. తెలివి చాలక కాదు. వసతి దొరకదు, తోడు లేదు, పాఠములలో సందేహము తీర్చు స్నేహితుడు లేడు. మిగిలినవారు కొందరు సాయంకాలములందు కూడుకొని చదువుకొనుట కారంభించిరి. వారిలో కొందరు తెల్లవిద్యార్థుల సోదరగృహములలో భోజనము వడ్డించుచు పొట్టపోసికొనువారు. వడ్డించుచునే యా గృహముల కట్టుబాటులను, ఒకరినొకరు నిలువబెట్టుకొను తీరును కనిపెట్టిరి. మన యూళ్లలో వారములు చేసికొని చదివిన బీదవిద్యార్థులకు భోజనము పెట్టిన యింట కూర్చుండుటకైన చోటుండెడిది. వీరి కదియు లేదు. సాహిత్యసంఘముగా నుండవలెనా, సోదరసంఘముగా నుండవలెనా యని వారిలో వారికి వాదము జరిగి, తుదకు 1906 డిసెంబరు 4వ తేదీన ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా యను సోదరసంఘమును స్థాపించిరి. కాలిస్, చాప్‌మన్, జోన్స్, కెల్లీ, మరే, ఓగిల్, టాండీ యని వారి పేర్లు. ఆ సంఘీయులు వారిని సప్తరత్నములని గౌరవించుచున్నారు.

ఈ సంఘమునకు మొదటినుండియు విద్యాసాహాయ్యము అలంకారము కాదు, ప్రాణరక్షణము. 1920 ప్రాంతమున "ఉన్నతపాఠశాలకు పొండు, కళాశాలకు పొండు" అను నర్థముగల ప్రచారమును నడపి, సభ్యులు పట్టణముల వెంట తిరిగి బాలురను ప్రోత్సహించిరి, వేతనములిచ్చిరి. స్త్రీలలో నిట్టి పని చేసిన సంఘములు ఆల్ఫా కప్పా ఆల్ఫా (1908), డెల్టా సిగ్మా తీటా (1913). డెల్టాసంఘపు ప్రథమ జాతీయాధ్యక్షురాలు సేడీ మోసెల్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పరిశోధనవేతనము నంది 1921లో నర్థశాస్త్రమున డాక్టరు పట్టము గొనెను. ఆమెకు ఫై బీటా కప్పా తాళపుచెవి 1970లో గాని చేతికి రాలేదు. నల్లజాతివారి కళాశాలలకే యా సంఘశాఖలు 1953వరకు లేవు. ఆ యేట ఫిస్క్, హోవర్డు విశ్వవిద్యాలయములకు లభించినవి.

ఇక వేతనమునకు గల రెండవ ముఖమును చూడవలెను. దక్షిణరాష్ట్రములలో విశ్వవిద్యాలయములు తెల్లవారికే ప్రత్యేకింపబడియుండెను. 1896నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము "వేరుగా నున్నను సమానముగా" సౌకర్యములు కల్పింపవలెను. నల్లజాతివారికి వేరొక న్యాయకళాశాల కట్టుట ఖర్చు. కావున ప్రభుత్వములొక యుపాయము పన్నినవి: మీరు వేరొక రాష్ట్రమునకు పోయి చదువుకొనుడు, జీతము మేము కట్టెదము. మిస్సోరీ రాష్ట్రమున 1921నాటి చట్టమిట్టిది. మేరీలాండు రాష్ట్రము 1935లో పదివేల డాలరులు కేటాయించి, తలకు 200 డాలరుల చొప్పున వేతనముల నేర్పరచెను. చట్టపుస్తకమున చూచిన నివి దానములు. ఫలమున బహిష్కారములు. విద్యార్థిని గడప దాటింపకుండుటకై యాతని చేతిలో సొమ్ము పెట్టుట యని వీని తాత్పర్యము.

మేరీలాండులో డోనల్డు మరే యను యువకుడు బాల్టిమోరులోని రాష్ట్రన్యాయకళాశాలలో ప్రవేశము కోరి నిరాకరింపబడెను. ఆల్ఫాసంఘము వ్యాజ్యమునకు వెన్నుదన్నుగా నిలిచెను. వాదించినవారిలో ఛార్లెస్ హూస్టను, థర్‌గుడ్ మార్షలు ఇరువురు నా సంఘసభ్యులే. హూస్టను చరిత్ర యీ వ్యాసవిషయమునకే యుదాహరణము వంటిది. ఆతడు ఆమ్‌హర్స్టు కళాశాలలో ఫై బీటా కప్పా గౌరవము నంది 1915లో పట్టభద్రుడయ్యెను. హార్వర్డు న్యాయకళాశాల యిచ్చిన ప్రయాణవేతనముతో మాడ్రిడు నగరమున చదివెను. వేతనము మనుష్యుని నెంతదూరము తీసికొనిపోగలదో స్వానుభవమున నెరిగినవాడగుటచే, వేతనము పేర జరుగు వంచన నాతడు సులభముగా గుర్తించెను. 1935 జూనులో బాల్టిమోరు న్యాయాధిపతి మరేను చేర్చుకొనుడని యాజ్ఞాపించెను. 1936 జనవరి 15వ తేదీన రాష్ట్రపు పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. వేతనము బోధనాశుల్కమునకే గాని రాకపోకలకును, పరస్థలవాసమునకును చాలదనియు, అడిగిన ప్రతివానికి నది దొరకునను నమ్మకము లేదనియు, మేరీలాండున వకీలు కాదలచినవాడు మేరీలాండు న్యాయమును చదువు ప్రయోజనమును కోల్పోవుననియు నా తీర్పు సారాంశము. మరే 1938లో పట్టభద్రుడయ్యెను. అయితే యీ తీర్పు ఒక్క మేరీలాండునకే బద్ధము.

దేశమంతటికి బద్ధమగు తీర్పును తెచ్చినవాడు లాయిడ్ గెయిన్సు. 1911లో మిసిసిపీ రాష్ట్రమున పుట్టి, బాల్యముననే తల్లివెంట సెయింట్ లూయిస్ నగరము చేరినవాడు. ఒక వ్యాసరచనాపరీక్షలో 250 డాలరుల వేతనము గెలుచుకొని దానితో కళాశాలలో ప్రవేశించెను. జెఫర్సన్ సిటీలోని లింకన్ విశ్వవిద్యాలయమున 1935లో పట్టము పొందెను. అచట నాల్ఫాసంఘ సభ్యుడయ్యెను. మిస్సోరీ విశ్వవిద్యాలయ న్యాయకళాశాలకు దరఖాస్తు పెట్టగా, పొరుగురాష్ట్రములైన కాన్సాసు, నెబ్రాస్కా, అయోవా, ఇల్లినాయిలలో నెచటనైన చదువుకొనుము, జీతము రాష్ట్రము కట్టునని బదులు వచ్చెను. ఒక వేతనముచే పైకివచ్చిన వాడీ వేతనమును వలదనెను. సొమ్ము చేదై కాదు. తన తలిదండ్రులవంటివారు పన్నులు కట్టి నిలిపిన విద్యాలయమున తనకు గల స్వత్వమును సొమ్మునకు మార్చుకొనుట కాతడొప్పుకొనలేదు.

రాష్ట్రమునందలి రెండు న్యాయస్థానములలోను గెయిన్సు ఓడిపోయెను. 1938 నవంబరులో సుప్రీంకోర్టున హూస్టను వాదించుచుండగా మెక్‌రెనాల్డ్స్ అను న్యాయమూర్తి తన కుర్చీని వెనుకకు త్రిప్పుకొని కూర్చుండెనని న్యాయచరిత్రకారులు చెప్పుదురు. డిసెంబరు 12వ తేదీన ఆరుగురు నొకవైపును ఇరువురు వేరొకవైపును నిలువగా తీర్పు వెలువడెను. ప్రధానన్యాయమూర్తి హ్యూసు వ్రాసిన దాని తాత్పర్యమిది: ఇతరరాష్ట్రములేమి యిచ్చునో యది ప్రశ్న కాదు, మిస్సోరీ తన తెల్లపౌరులకిచ్చి, రంగు కారణముగా తక్కినవారికి ఏమి నిరాకరించుచున్నదనునదే ప్రశ్న. పొరుగున జీతము కట్టుటచే నీ భేదము తొలగిపోదు. కోరువాడొక్కడే యైనను హక్కు హక్కే. వేరుగా పెట్టుటయే తప్పని యా తీర్పు చెప్పలేదు. అందులకు 1954వరకు వేచియుండవలసివచ్చెను. కాని వేతనమిచ్చి పంపివేయు నుపాయమునకు సుప్రీంకోర్టులో మొదటిదెబ్బ యిదియే.

మిస్సోరీ శాసనసభ గెయిన్సును చేర్చుకొనుటకు మారుగా ధనము కేటాయించి, లింకన్ విశ్వవిద్యాలయమునకు వేరొక న్యాయకళాశాల నేర్పరచెను. అది 1939 సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌నందు, లోగడ కేశసంస్కారములు నేర్పిన పాఠశాలాభవనమున తెరువబడెను. అది సమానమగునా కాదా యని మరల విచారణ జరుగవలసియుండెను. ఆ విచారణకు గెయిన్సు లేడు. వ్యాజ్యకాలమున మిషిగన్‌లో నర్థశాస్త్రము చదివి, పనికై తిరిగి తిరిగి, 1939 మార్చినెలలో చికాగో నగరమున ఆల్ఫాసంఘగృహమున తలదాచుకొనియుండెను. 19వ తేదీ రాత్రి తపాలాబిళ్లలు కొనివచ్చెదనని యచటి పనివానితో చెప్పి బయలుదేరినవాడు మరల కనబడలేదు. హత్య యనియు, దేశాంతరము పోయెననియు ప్రవాదములు పుట్టినవి. ఏదియు నిర్ధారణము కాలేదు. వాదియే లేనందున 1940లో వ్యాజ్యము కొట్టివేయబడెను.

ఆల్ఫాసంఘము 1945లో తన నిబంధనావళిలో సభ్యత్వమును నీగ్రోజాతి విద్యార్థులకు పరిమితము చేసిన మాటను తొలగించి, ఏ విద్యార్థియైనను చేరవచ్చునని మార్చెను. తమ్ము వెలిపెట్టిన వ్యవస్థపై వ్యాజ్యము నడపిన సంఘము తన తలుపుపై నట్టి మాటను నిలుపుకొనుట కిష్టపడలేదు. మార్షలు 1967లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి యయ్యెను. హూస్టను దానిని చూడక 1950లోనే గతించెను. మిస్సోరీ విశ్వవిద్యాలయము 2006లో గెయిన్సునకు గౌరవన్యాయపట్టమును, ఆ రాష్ట్రపు వకీళ్ల సంస్థ యాతని మరణానంతరముగా భావించి న్యాయవాదిపత్రమును ఒసంగినవి. ఆతని నాడు రానీయని న్యాయకళాశాలలో నిపుడాతని చిత్తరువు గలదు. ఆతని పేర నొక విద్యార్థివేతనమును గలదు.