ఆరో నెల దాటాక

పుట్టినప్పుడు పిల్లాడు బొద్దుగానే ఉన్నాడు. కల్యాణ్ దగ్గరి క్యాంపులో, గోనెపట్టాలు అడ్డం కట్టి నాలుగు కాపురాలుగా విడదీసిన మిలటరీ బ్యారక్‌లో, వాడి ఏడుపు అటు చివరి కాపురం దాకా వినిపించేది. ఆరో నెల దాటాక ఆ ఏడుపు తగ్గింది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే అలసిపోయేవాడు. అరచేతులు తెల్లబడ్డాయి. రెండో ఏడు వచ్చేసరికి కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట ఒక్కటే ఉబ్బింది. ఎడమ డొక్కలో గట్టిగా ఏదో చేతికి తగులుతోందంది తల్లి.

"దిష్టి" అంది అత్త. క్యాంపు నీళ్లు పడలేదన్నారు ఇరుగుపొరుగు. డాక్టరు నులిపురుగులకు మందిచ్చి, ఐరన్ టానిక్ రాశాడు. మూడేళ్లు నిండకుండానే పిల్లాడు పోయాడు. తర్వాత పుట్టిన ఆడపిల్లకు ఏమీ కాలేదు. మూడో కాన్పులో మళ్లీ మగపిల్లాడు. మళ్లీ ఆరో నెల, మళ్లీ అదే తెలుపు.

"కరాచీలో ఉండి ఉంటే నా పిల్లలు దక్కేవాళ్లు." ఆ తల్లి చివరిదాకా ఇదే నమ్మింది. కరాచీలో ఉన్నా దక్కేవాళ్లు కాదు.

ఈ గాథలో ఎవరి పేర్లూ లేవు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. సింధ్ వదిలి వచ్చిన ఎన్నో ఇళ్లలో జరిగినదాన్ని ఒక ఇంటి కథగా కూర్చి చెబుతున్నాను. ఊళ్లు, చరిత్ర, వైద్యం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

1948 జనవరి 6న కరాచీలో అల్లర్లు చెలరేగాక సింధీ హిందువులు వేలకు వేలుగా ఓడలెక్కి బొంబాయి చేరారు. దాదాపు లక్ష మందికి కల్యాణ్ మిలటరీ ట్రాన్సిట్ క్యాంపే ఇల్లయింది. 1949 ఆగస్టు 8న గవర్నర్ జనరల్ రాజాజీ శంకుస్థాపన చేశాక దాన్ని ఉల్లాస్‌నగర్ అన్నారు. ఏ నగ తెచ్చుకున్నారో, ఏ దస్తావేజు వదిలేశారో వాళ్లు జీవితాంతం తలచుకున్నారు. నెత్తురులో ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు.

పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు దానితో పెద్దగా పనిలేదు. గామా గొలుసులతో గడిచిపోతుంది. పుట్టాక నెలల మీద గామా తగ్గిపోతూ, ఆ పని బీటా అందుకోవాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువే వస్తే అందుకోవడానికి ఏమీ ఉండదు. ఆ రోగమే తలసేమియా మేజర్. అందుకే ఆ బిడ్డ పండులా పుట్టి, కళ్లముందే పాలిపోతుంది. లేని రక్తం కోసం మూలుగ అతిగా పనిచేసి నుదుటి ఎముకలు ఉబ్బుతాయి, ప్లీహం పెరుగుతుంది. ఆ బిడ్డకు కొరవడింది ఇనుము కాదు కనుక ఐరన్ టానిక్ వల్ల ఒరిగేదేమీ లేదు.

సింధీల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది: బీటా జన్యువు చివరి భాగంలో 619 డీఎన్‌ఏ అక్షరాలు తుడిచిపెట్టుకుపోవడం. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే అది వస్తే మనిషికి సాధారణంగా ఏ బాధా ఉండదు. పైగా మలేరియా అంత తేలిగ్గా చంపదు. మలేరియా ప్రాంతాల్లో ఇలాంటి జన్యువులు నిలిచిపోవడానికి కారణం అదేనని 1949లో అచ్చయిన వ్యాసంలో జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ సూచించాడు. తర్వాత మన దేశానికే వచ్చేసి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేనే ఆయన. సింధునది దిగువన తరాల తరబడి జ్వరాలు కాచి బతికినవాళ్ల వారసులు ఓడలెక్కారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. జ్వరాలు తగ్గాయి, జన్యువు మిగిలింది. సింధ్‌లో వందమంది పిల్లల చావుల్లో కలిసిపోయిన ఈ చావు ఇక్కడ విడిగా కనబడసాగింది. అన్నీ పోగొట్టుకున్నవాళ్లు తమవాళ్లనే వెతుక్కుని సంబంధాలు కలుపుకున్నారు. అది వాళ్ల తప్పని నేననను. పరాయి ఊళ్లో భాషా, భోజనమూ, దేవుడూ నిలవాలంటే వాళ్లకు తోచిన దారి అదొక్కటే.

ఆ ఇద్దరు మగపిల్లల మధ్య పుట్టి బతికిన ఆడపిల్ల పెళ్లయి సికింద్రాబాద్ సింధీ కాలనీకి వచ్చింది. ఆమె కొడుక్కూ అదే వచ్చింది. ఈసారి రోగానికి పేరు తెలిసింది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించేవారు. ఎక్కించిన రక్తంలోని ఇనుము బయటికి పోయే దారి లేక గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని లాగేయడానికి రాత్రంతా పొట్ట చర్మం కింద సూది, పక్కన మందెక్కించే చిన్న పంపు. ఆ మందు కొనలేని నెలలుండేవి. 1990ల మధ్యలో అదే పని చేసే డెఫరిప్రోన్ మాత్రలు మన మార్కెట్లోకి వచ్చేసరికే అతని గుండె దెబ్బతిని ఉంది. పందొమ్మిదో ఏట పోయాడు.

ఆమెకిప్పుడు మనవరాలుంది, కూతురి కూతురు. ఈమెను నానీ (అమ్మమ్మ) అని పిలుస్తుంది. ఆ మనవరాలికి సంబంధం కుదిరింది, అబ్బాయి కూడా సింధీయే.

"పరీక్ష అమ్మాయికి చేయిస్తే చాలు కదండీ," అంది అబ్బాయి తల్లి.

నానీ ఒప్పుకోలేదు. "ఒక్కరిలో ఉంటే పిల్లలకు మేజర్ రాదమ్మా. ఇద్దరిలో ఉంటేనే వస్తుంది. మా అమ్మాయి ఒక్కతే చెయ్యి చాపితే ఏం తెలుస్తుంది?"

ఇద్దరూ రక్తమిచ్చారు. హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ మూడున్నర శాతం దాటితే తలసేమియా మైనర్‌గా, అంటే చెడిన జన్యువు ఒక్కటే ఉన్న క్యారియర్‌గా అనుమానిస్తారు. ఇద్దరిదీ దాటింది. అంటే ప్రతి కాన్పులోనూ మేజర్ బిడ్డ పుట్టే అవకాశం నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం వట్టి భ్రమ. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఇది సింధీల రోగంలే అని పక్కకు జరగకండి. మన దేశంలో వందకు ముగ్గురు నలుగురు క్యారియర్లే. ఒకే తాత నుంచి వచ్చిన లోపం భార్యలోనూ భర్తలోనూ ఉండే అవకాశం మేనరికాల్లో మరీ ఎక్కువ. మేనరికాలు మన తెలుగు ఇళ్లకు కొత్త కాదు. జాతకాలు చూడటానికి దొరికే తీరిక ఒక రక్తపరీక్షకు దొరకదా?

ఆ రిపోర్టులు చూసి పెద్దవాళ్లు సంబంధం వద్దనుకున్నారు. అమ్మాయీ అబ్బాయీ వదులుకోలేదు, పెళ్లి చేసుకున్నారు. గర్భం వచ్చిన పదకొండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చెడిన జన్యువు ఒక్కటే వచ్చింది. అమ్మలాగే, నాన్నలాగే మైనర్.

నానీ ఆ సాయంత్రమే ఉల్లాస్‌నగర్‌కు ఫోన్ చేసింది. తమ్ముడి వరసయ్యే ఆయన మనవడికి సంబంధం ఖాయమైంది, వచ్చే వారమే పక్కీ మిస్రీ, అంటే నిశ్చితార్థం.

"మిస్రీ ఆపండి. ముందు ఇద్దరినీ ల్యాబుకు పంపండి," అంది. అవతలి నుంచి ఏదో సర్దిచెప్పబోయారు. "అమ్మాయిని ఒక్కదాన్ని కాదు, ఇద్దరినీ. రిపోర్టులు నాకు చదివి వినిపించాకే మిగతా మాటలు."