మెట్లు వేసినవారు

ఉగాది పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలతో పాటు రాజపూజ్యము, అవమానము అని మరి రెండు అంకెలు చదువుతారు. ఆదాయం రెండే అన్నా సరిపెట్టుకుంటారు గాని, రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు అని వినిపిస్తే ఉద్యోగస్థుని ముఖం చిన్నబోతుంది. ఉద్యోగమంటే జీతమొక్కటే కాదనీ, పదిమందిలో గౌరవంగా పైకి రావడమనీ మన పెద్దలు ఏనాడో గ్రహించారనడానికి ఆ రెండంకెలే సాక్ష్యం.

మన సర్జాపురలో ఇప్పుడు ఏ మేడ గుమ్మం తట్టినా ఒక ఇంజనీరో, శాస్త్రజ్ఞుడో కనిపిస్తారు. వారిలో తెలుగువారు తక్కువేమీ కారు. అట్టివారి అభ్యున్నతిని గురించి వ్రాయడానికి పదో తరగతితో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా ఉన్న మాకేమి అర్హత ఉన్నదని ఎవరైనా అడుగవచ్చును. నిచ్చెన కొసకు చేరినవారు పైకి చూస్తారు. కింద నిలబడినవారికి ఏ మెట్టు ఉన్నదో, ఏ మెట్టు ఊడిపోయినదో కనిపిస్తుంది. ఆ మాత్రపు అర్హత మాకున్నదని మా నమ్మకం.

మన జాతి మేధావులను తలచుకున్నప్పుడు వారి తెలివిని పొగడుతాము, పట్టుదలను పొగడుతాము. ఆ తెలివికి ఎవరు మెట్లు వేశారన్న మాట అడగము. ముగ్గురు తెలుగువారి ఉద్యోగ చరిత్రలను ఆ ప్రశ్నతో పరిశీలించి ఇక్కడ మనవి చేస్తున్నాము.

మొదటివారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. బైయప్పనహళ్ళిలో 2022లో బళ్ళు నడవడం మొదలైన కొత్త టెర్మినల్‌కు వారి పేరే పెట్టారు. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా హౌరా పోయే బండి అక్కడి నుండి బయలుదేరుతుంది. ఆ బండి ఎక్కే మనవారిలో చాలామందికి ఆ ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం అనే ఊరిదని తెలియదు. వారి పూర్వులు అక్కడి నుండి మైసూరు సీమకు తరలివచ్చారు. అంటే వారిదీ మనవలెనే వలస వచ్చిన తెలుగు కుటుంబమే.

చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారికి చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ అండన బెంగుళూరు చేరి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. అయినారు. కలిగినవారి బిడ్డ కాదు గనుక చదువు అక్కడితో ఆగవలసినది. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇచ్చి పూనా సైన్సు కాలేజీకి పంపినది. అక్కడ 1883లో ఇంజనీరింగు పరీక్షలో మొదటివారుగా నిలిచి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు అయినారు. మేనమామ ఇల్లు ఒక మెట్టు, సర్కారు స్కాలర్‌షిప్పు మరొక మెట్టు. ఈ రెండూ లేకపోతే ఆ తెలివి ఏ తాలూకా కచ్చేరీలోనో కాగితాలు సర్దుతూ ఉండిపోయేది.

ఆపైన వారి సామర్థ్యమే వారిని నడిపినది. నీటి మట్టం పెరిగినప్పుడు తమంతట తామే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే తలుపులను వారు రూపొందించారు. 1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో వాటిని అమర్చారు. అయినా ఆ నిచ్చెనకు పై మెట్టు లేదు. ఆనాటి దొరల కొలువులో చీఫ్ ఇంజనీరు పదవి భారతీయునికి అందని ఎత్తున ఉండేది. సీనియారిటీ లిస్టు గోడమీద చూచుకుని నిట్టూర్చే మావంటి గుమాస్తాలకు ఆ బాధ విప్పి చెప్పనక్కరలేదు. ఆయన నిట్టూర్చలేదు. 1908లో ఆ ఉద్యోగమే వదలుకున్నారు.

ఆ ఏడాది సెప్టెంబరులోనే మూసీ వరద హైదరాబాదును ముంచినది. నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో అక్కడికి వెళ్ళి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపే పథకం సిద్ధం చేశారు. నేటి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనకు ఫలితాలే. అదే సంవత్సరం మైసూరు సంస్థానం వారిని చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించినది. బొంబాయిలో దొరకని మెట్టు సొంతగడ్డ మీద దొరికినది.

వారు ఆ మెట్టు మీద కూర్చుని విశ్రమించలేదు. 1911లో కృష్ణరాజసాగరం పని మొదలైనది. 1912 నుండి 1918 వరకు దివానుగా ఉన్నారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ వెలసినవి. ఆ కాలేజీ నేడు వారి పేరుతోనే ఉన్నది. ఇంజనీరు కావడానికి పూనా పోవలసివచ్చిన కుర్రవాడు, తన తరువాతి కుర్రవాడు పూనా పోనవసరం లేకుండా చేశాడన్నమాట. 1943లో బెంగుళూరులో నెలకొన్న శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయం కూడా వారి సంకల్పమే. పెద్ద ఇంజనీరు ఒక్కడున్నంత మాత్రాన పని సాగదనీ, అతని కింద నేర్పరులైన మేస్త్రీలు, ఫిట్టర్లు కావాలనీ వారెరుగుదురు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పక తప్పదు. ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన కులాలవారికి స్థానం కల్పించే విషయమై 1918లో మైసూరు మహారాజావారు మిల్లర్ కమిటీని నియమించారు. యోగ్యత ఒక్కటే కొలబద్ద కావాలని విశ్వేశ్వరయ్య గారి అభిప్రాయం. ఆ భేదమే వారు దివాన్‌గిరీ వదలడానికి ఒక కారణమైనది. వారి నిజాయితీని శంకించే సాహసం మాకు లేదు. కాని స్కాలర్‌షిప్పు అనే మెట్టు లేనిదే వారి యోగ్యత కూడా వెలుగు చూసేది కాదు. తరతరాలుగా బడి గడపే తొక్కనివారి యోగ్యతను ఏ కొలబద్దతో కొలుస్తాము? మెట్టు వేసిన తరువాతనే కదా ఎవరు ఎక్కగలరో తెలిసేది! ఆ మహనీయుని జీవితంలో మొదటి సగం నేర్పే పాఠం ఇదేనని మాకు తోస్తున్నది.

ఇంజనీరు నిచ్చెన చాలావరకు ఆఫీసులో ఉంటుంది. శాస్త్రజ్ఞుని నిచ్చెన గురువు దగ్గర మొదలవుతుంది. ఇందుకు రెండవవారు సూరి భగవంతం గారు నిదర్శనం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి. వి. రామన్ గారి శిష్యులైనారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. ఆ గురువుగారు స్వయంగా 1917లో ఫైనాన్సు శాఖ ఉద్యోగం వదలి కాలేజీ ఆచార్యపదవికి వచ్చినవారు. జీతం కన్న పని గొప్పదని శిష్యులకు ఉపన్యాసం చెప్పనవసరం లేకపోయినది.

1932లో భగవంతం గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. ఆ విశ్వవిద్యాలయం అప్పటికి ఆరేళ్ళ పసిబిడ్డ. అయినా అక్కడే పరిశోధన సాగించి తెలుగుగడ్డ మీద శిష్యులను తయారుచేశారు. తి. వెంకటరాయుడు గారితో కలిసి, భౌతికశాస్త్రంలో సమూహ సిద్ధాంతపు ఉపయోగాన్ని గురించి వారు వ్రాసిన ఇంగ్లీషు గ్రంథం 1948లో వెలువడినది. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా వైస్‌ఛాన్సలరుగా ఉండి, 1957లో మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగా వచ్చారు. ఒకప్పుడు గురువుగారు కూర్చున్న కుర్చీయే అది. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారుగా పనిచేశారు. ఆగిరిపల్లి నుండి అంతదూరం నడిచిన ఆ దారిలో గురువు చూపిన మొదటి మలుపే కీలకమని ఎవరైనా ఒప్పుకుంటారు.

మూడవవారిని గురించి మా రైల్వేవారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అయ్యలసోమయాజుల లలిత గారు మద్రాసులోని తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి అయినది. పద్దెనిమిదో ఏట, ఒడిలో నాలుగు నెలల ఆడపిల్ల ఉండగా భర్త పోయారు. ఆ రోజులలో అట్టి స్త్రీ గతి ఎట్లుండేదో మన నాయనమ్మలు చెప్పగా విన్నాము. కాని ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులు. కూతురికి చదువే దారి అని తలచి, ప్రిన్సిపాలును, విద్యాశాఖాధిపతిని ఒప్పించి, 1940లో తమ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేర్పించారు. అంతవరకు ఆ కాలేజీలో ఆడపిల్ల అడుగుపెట్టలేదు. బిడ్డను బంధువులు సాకుతుండగా ఆమె హాస్టలులో ఉండి చదివారు. ఒక్కర్తీ బిక్కుబిక్కుమంటున్నదని కాలేజీవారు స్త్రీలకు కూడా ప్రవేశమున్నదని ప్రకటించగా, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అనే కేరళ కన్యలిద్దరు వచ్చి చేరారు. ఆమె పట్టాలో ‘అతడు’ అని అచ్చయిన మాటను కొట్టివేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దవలసివచ్చినదట. త్రేసియా గారు తరువాత 1971లో కేరళ రాష్ట్రానికి చీఫ్ ఇంజనీరైనారు. ఒకరి కోసం తీసిన తలుపు మరొకరిని అంత దూరం పంపినది.

చదువు కాగానే పని నేర్చుకోవాలి కదా. లలిత గారు ఒక సంవత్సరం జమాల్‌పూరు రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిసుగా శిక్షణ పొందారు. 1862లో ఏర్పడిన ఆ వర్క్‌షాపు మన దేశంలోని పాత రైల్వే కర్మాగారాలలో ఒకటి. తరువాత సిమ్లాలో ప్రభుత్వోద్యోగం చేసి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరి, విద్యుత్తు లైన్లకు, సబ్‌స్టేషన్లకు నమూనాలు గీశారు. భాక్రా నంగల్ పథకపు పనిలోనూ వారి చెయ్యి ఉన్నది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ మహాసభకు వెళ్ళారు. 1979లో కన్నుమూశారు.

ఈ ముగ్గురిలో తెలివి ఎవరికి ఎక్కువ అన్నది వృథా ప్రశ్న. ఒకరికి మేనమామ, సర్కారు, ఒకరికి గురువు, ఒకరికి తండ్రి, బిడ్డను సాకిన బంధువులు. ఉద్యోగోన్నతి అంటే ఒంటరి పరుగుపందెం కాదని ఈ చరిత్ర చెబుతున్నది.

ఇప్పుడు మన పేట వైపు చూతము. ఇంజనీరింగు పట్టా ఉండీ, బిడ్డ పుట్టగానే ఉద్యోగం మానుకుని ఇంట ఉండిపోయిన కోడళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఇష్టపడి మానితే ఎవరూ అనవలసినది లేదు. సాయపడే చెయ్యి లేక మానితే మాత్రం ఆ లోటు ఇంటివారందరిదీ. ఎనభై ఏళ్ళ క్రితం ఒక వితంతువుకు ఆమె పుట్టింటివారు చేయగలిగిన సాయం నేడు మనకు అసాధ్యమా?

మరొక సంగతి. ఈ మేడలు కట్టడానికి పాలమూరు నుండి, అనంతపురం నుండి వచ్చిన మేస్త్రీలు, కూలీలు కూడా తెలుగువారే. వారి పిల్లలూ మన పిల్లలూ ఒకే వీధిలో తిరుగుతారు గాని, పండుగ పందిరి కింద కలిసి కూర్చోరు. ఆ పిల్లలలో ఒక విశ్వేశ్వరయ్య లేడని ఎవరు చెప్పగలరు? చెప్పాలంటే ముందు మెట్టు వేయాలి.

కాబట్టి మన సంఘంవారికి మా మనవి ఇది. ఉగాది ఖర్చులో కొంత మిగిల్చి, అట్టి పిల్లలకు సాయంకాలం లెక్కలు, సైన్సు చెప్పే ఏర్పాటు చేయాలి. మన ఇంజనీర్లు వారానికి ఒక గంట ఇస్తే చాలు. పదో తరగతి గట్టెక్కినవారికి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, అప్రెంటిసు దారులు ఏవేవి ఉన్నవో మావంటి గుమాస్తాలము చెప్పగలము. దరఖాస్తులు నింపడం మాకు వచ్చిన విద్యే. స్థలం, వేళ సంఘంవారు నిర్ణయిస్తే మొదటి ఆదివారం నుండే మేము హాజరు.