ఉస్మానియా నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం దాకా: నియామకాలు, గౌరవాలు, నిధులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత విద్యార్థులకు డిగ్రీ పట్టాలిచ్చిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రధానంగా రెండు. 2007 వరకు హైదరాబాదులోని ఉస్మానియా, ఆ తరువాత నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం. రెండోది మొదటిదాని పరిధి నుంచి విడివడింది. ఈ వ్యాసం ఆ రెండింటిలో వైస్ ఛాన్సలర్ల నియామకం, ఆచార్యులు పొందిన గౌరవాలు, నిధుల రాక అనే మూడు అంశాల చరిత్రను వివరిస్తుంది.

స్థాపన, తొలి దశ (1917–1948)

హైదరాబాదు సంస్థానంలో దేశభాషలో, అంటే ఉర్దూలో, బోధించే విశ్వవిద్యాలయం కావాలని కోరుతూ విద్యాశాఖ బాధ్యతలు చూస్తున్న అక్బర్ హైదరీ 1917లో నిజాంకు విజ్ఞాపన సమర్పించాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అదే ఏడు ఏప్రిల్ 26న అనుమతి ఫర్మానా ఇచ్చాడు. ఆ తరువాత ఆబిడ్స్ ప్రాంతంలోని అద్దె భవనంలో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. తొలి ఏడాది విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. మొదటి వైస్ ఛాన్సలర్ హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వాణీ. ప్రజావిద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న రాస్ మసూద్ కూడా ఈ దశలో కీలకపాత్ర వహించాడు. తరువాత ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు.

ఈ కాలంలో వైస్ ఛాన్సలర్ నియామకం నిజాం ఇష్టం మీద, నిధులు నిజాం ఖజానా మీద ఆధారపడి ఉండేవి. అదే కాలంలో బ్రిటిష్ పాలిత తెలుగు జిల్లాల పద్ధతి వేరు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సెనేటు వైస్ ఛాన్సలర్‌ను ఎన్నుకునేది. కట్టమంచి రామలింగారెడ్డి 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేయగా, 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలో ఉన్నాడు. ఆ తరువాత రామలింగారెడ్డి తిరిగి వచ్చి 1949 దాకా కొనసాగాడు. ఆ విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడు. ఉస్మానియాకు ఇలాంటి దాతలను వెతుక్కునే అవసరం రాలేదు. అయితే ఖర్చంతా ఒక్క ఖజానాదే కావడంతో ఏలినవారి మాటను కాదనే వీలు కూడా ఉండేది కాదు.

నిధుల కొరత లేకపోవడం వల్ల మేలైన పనులు జరిగాయి. ఉర్దూలో బోధనకు పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి 1917లోనే అనువాద విభాగం నెలకొల్పి, మౌల్వీ అబ్దుల్ హఖ్‌కు అప్పగించారు. వైద్యం, న్యాయం, ఇంజనీరింగు, తత్వశాస్త్రం వరకు అన్ని శాఖల పుస్తకాలూ అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. అడిక్‌మెట్‌లో బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కళాశాలకు 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆ సుందర భవనం నేటికీ విశ్వవిద్యాలయానికి గుర్తుగా నిలిచి ఉంది.

బోధన ఉర్దూలోనే సాగినా తెలుగు శాఖకు చోటు దొరికింది. నవ్యకవిత్వానికి ఆద్యుల్లో ఒకడైన రాయప్రోలు సుబ్బారావు దీర్ఘకాలం ఆ శాఖకు అధిపతిగా పనిచేశాడు. గణితశాస్త్రంలో రజీయుద్దీన్ సిద్దీఖీ, చరిత్రలో హారూన్ ఖాన్ షేర్వాణీ పేరు గడించారు. 1938లో రవీంద్రనాథ్ ఠాగూర్‌కు గౌరవ డాక్టరేటు ప్రకటించారు. అదే ఏడు వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు అనేకమంది విద్యార్థులను బహిష్కరించారు. నాగపూర్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ వారికి తన వద్ద ప్రవేశం కల్పించాడు. వారిలో ఒకరైన పి.వి. నరసింహారావు తరువాత దేశ ప్రధానమంత్రి అయ్యాడు.

భాష మార్పు, కొత్త నాయకత్వం (1948–1957)

హైదరాబాదు సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత బోధనా భాష ఇంగ్లీషుగా మారింది. ఆ సంధికాలాన్ని వైస్ ఛాన్సలర్ నవాబ్ అలీ యావర్ జంగ్ నిబ్బరంగా నడిపాడు. 1945–46లోనూ ఆ పదవిలో ఉన్న ఆయన, రెండోసారి 1948 నుంచి 1952 వరకు కొనసాగాడు. ఆ తరువాత రాయబారిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశాడు. 1959లో పద్మభూషణ్, 1977లో పద్మవిభూషణ్ ఆయనకు లభించాయి.

1952లో పదవికి వచ్చిన సూరి భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన భౌతికశాస్త్రవేత్త, సి.వి. రామన్ శిష్యుడు. ఆయన హయాంలోనే, 1953 జనవరి 12న, బి.ఆర్. అంబేద్కర్‌కు ఉస్మానియా గౌరవ డాక్టరేటును ప్రదానం చేసింది. అంతకుముందు ఏడాదే అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం కూడా ఆయనను ఇలాగే సత్కరించింది. స్వదేశంలో ఈ గౌరవాన్ని ముందుగా ఇచ్చినది ఉస్మానియా కావడం దాని చరిత్రలో మేలిమి ఘట్టం. భగవంతం 1957లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా వెళ్ళాడు, ఆపై రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యాడు.

నిధుల మార్గం కూడా ఈ దశలోనే మారింది. 1953లో మొదలై 1956లో చట్టబద్ధ సంస్థ అయిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కేంద్ర సహాయాన్ని పంచసాగింది. జీతాల బరువు రాష్ట్రానిది, అభివృద్ధి పనుల చేయూత కేంద్రానిది అనే విభజన అప్పటినుంచి స్థిరపడింది. నల్లగొండలో 1956లో ఏర్పడిన నాగార్జున ప్రభుత్వ కళాశాల వంటి జిల్లా కళాశాలలు ఉస్మానియాకు అనుబంధంగా నడిచాయి. సూర్యాపేట, మిర్యాలగూడ పిల్లలకు డిగ్రీ చదువు దగ్గరైంది ఇలాంటి కళాశాలల వల్లనే.

యూజీసీ సాయం ఫలించిన తీరుకు ఖగోళశాస్త్ర శాఖ చక్కని ఉదాహరణ. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో ఆరంభించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా అధీనంలోకి వచ్చింది. టి.పి. భాస్కరన్ దానిని చాలాకాలం నడిపాడు. ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి చేపట్టిన నక్షత్ర చిత్రపటాల పనిలో తన వాటాను ఇది శ్రద్ధగా పూర్తిచేసింది. 1964లో యూజీసీ ఈ శాఖను ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. 1968లో జాపాల్–రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినిని అమర్చారు. 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడినుంచే పరిశీలించారు.

వైస్ ఛాన్సలర్ పదవిపై వివాదం (1966–67)

1957లో పదవి చేపట్టిన డి.ఎస్. రెడ్డి ఉస్మానియాను దీర్ఘకాలం నడిపినవారిలో ఒకడు. 1959లో రాష్ట్ర శాసనసభ ఉస్మానియాకు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం ఒక సంఘం సూచించిన పేర్ల నుంచి ఛాన్సలర్ ఒకరిని ఎంచుకోవాలి. పదవీకాలం 5 ఏళ్ళు. తగిన విచారణ జరిపితే తప్ప మధ్యలో తొలగించడానికి వీల్లేదు. డి.ఎస్. రెడ్డి 1964లో మరో 5 ఏళ్ళకు నియమితుడయ్యాడు.

కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం 1966లో ఈ చట్టాన్ని సవరించింది. పదవీకాలాన్ని 3 ఏళ్ళకు తగ్గించి, విశ్వవిద్యాలయానికి విధానపరమైన ఆదేశాలిచ్చే అధికారాన్ని ప్రభుత్వం తీసుకుంది. ఆపై మరో సవరణలో 13ఎ అనే సెక్షన్ చేర్చింది. ఆ సమయానికి పదవిలో ఉన్న వైస్ ఛాన్సలర్, నిర్ణీత గడువులో కొత్త వ్యక్తి నియమితుడు కాగానే దిగిపోవాలని ఆ సెక్షన్ చెప్పింది. విచారణ ప్రస్తావన లేదు, కారణం చూపాల్సిన పనీ లేదు. ఆ నిబంధన వర్తించే వ్యక్తి డి.ఎస్. రెడ్డి ఒక్కడే. విద్యావేత్తలు దీనిని విశ్వవిద్యాలయ స్వయంప్రతిపత్తి మీద దాడిగా భావించారు.

దీనిపై డి.ఎస్. రెడ్డి వేసిన పిటిషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. అప్పీలుపై సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్ రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేసింది. కొత్తగా వచ్చే వైస్ ఛాన్సలర్‌ను విచారణ లేకుండా తొలగించకూడదన్నప్పుడు, ఉన్నవారికి మాత్రం ఆ రక్షణ ఎందుకు ఉండకూడదన్నది కోర్టు ముందుకొచ్చిన ప్రధాన ప్రశ్న. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల చట్టాలనూ సవరించినా వాటిలో ఇలాంటి నిబంధన పెట్టకపోవడాన్ని న్యాయమూర్తులు గమనించారు. డి.ఎస్. రెడ్డి 1969 వరకు పదవిలో కొనసాగాడు. ఒక్క వ్యక్తిని ఉద్దేశించి చట్టం చేయరాదన్న సూత్రానికి ఈ తీర్పును నేటికీ ఉదహరిస్తారు. తెలుగునాట విశ్వవిద్యాలయ స్వేచ్ఛ చరిత్రలో దీనిని మించిన న్యాయవిజయం లేదు.

ఆచార్యులు పొందిన గౌరవాలు

ఉస్మానియా ఆచార్యులకు దక్కిన పురస్కారాల్లో భాషా సాహిత్యాలది పెద్ద వాటా. తెలుగు శాఖలో పనిచేసిన సి. నారాయణరెడ్డికి ‘విశ్వంభర’ కావ్యకర్తగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. ఆయన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, తెలుగు విశ్వవిద్యాలయానికీ వైస్ ఛాన్సలర్‌గా వ్యవహరించాడు. జానపద సాహిత్య పరిశోధనకు బాట వేసిన బిరుదురాజు రామరాజు కూడా ఈ శాఖవాడే. భువనగిరిలో పుట్టిన ఎన్. గోపి ఇక్కడ ఆచార్యుడై, తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ‘కాలాన్ని నిద్రపోనివ్వను’ కవితాసంపుటికి ఆయనకు 2000లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా గర్వంగా చెప్పుకోదగిన పేరు ఇది.

భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల అధ్యయనంలో ప్రపంచఖ్యాతి పొంది, 1986 నుంచి 1993 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాడు. ఇంగ్లీషు శాఖాధిపతిగా పనిచేసిన శివ్ కె. కుమార్‌కు 1987లో సాహిత్య అకాడమీ పురస్కారం, 2001లో పద్మభూషణ్ లభించాయి. హారూన్ ఖాన్ షేర్వాణీ 1969లో పద్మభూషణ్ పొందాడు.

పాలనాదక్షతకు పేరుపడినవాడు రాజనీతిశాస్త్ర ఆచార్యుడు జి. రామ్‌రెడ్డి. 1977 నుంచి 1982 వరకు ఉస్మానియాను నడిపి, 1982లో దేశంలోనే మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ తరువాత యూజీసీ అధ్యక్ష పదవినీ అలంకరించాడు. కాలేజీ గడప తొక్కలేని ఉద్యోగులకు, గృహిణులకు, రైతుబిడ్డలకు పట్టభద్రులయ్యే దారి చూపిన ఘనత ఆయనది.

1969 నుంచి 2006 వరకు

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా కేంద్రంగా నిలిచింది. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడి ఉత్తర తెలంగాణ కళాశాలలను తీసుకుంది. నల్లగొండ జిల్లా ఉస్మానియాతోనే ఉండిపోయింది. 1991లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి చట్టం వచ్చింది. పాలకమండలి, యూజీసీ, ప్రభుత్వం ఒక్కొక్కరిని ప్రతిపాదించే ముగ్గురు సభ్యుల అన్వేషణ సంఘం, అది సూచించే పేర్లు, 3 ఏళ్ళ పదవీకాలం ఆ చట్టంలో భాగాలు.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (2007 నుంచి)

జిల్లాకొక విశ్వవిద్యాలయం అన్న విధానంలో భాగంగా 2007లో నల్లగొండ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటిదాకా నల్లగొండలో నడిచిన ఉస్మానియా పీజీ కేంద్రమే దానికి పునాది. తరువాత దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. ప్రధాన ప్రాంగణం నల్లగొండ శివార్లలో ఎల్లారెడ్డిగూడెం–అన్నెపర్తి వద్ద ఉంది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు జిల్లాలైనా వాటి కళాశాలలు ఈ విశ్వవిద్యాలయం పరిధిలోనే కొనసాగుతున్నాయి. 2019లో సూర్యాపేటలో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల మాత్రం వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధం.

2016లో తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్లను నియమించినప్పుడు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి ఖాజా అల్తాఫ్ హుస్సేన్ వచ్చాడు. 2019లో ఆయన పదవీకాలం ముగిశాక 2021 మే వరకు పూర్తికాలపు అధిపతి లేడు. అప్పుడు సీహెచ్. గోపాల్‌రెడ్డి నియమితుడయ్యాడు. 2024 మేలో ఆయన గడువు తీరాక అదే ఏడు అక్టోబరులో అల్తాఫ్ హుస్సేన్‌నే తిరిగి నియమించారు. మధ్యకాలంలో ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జి వీసీలుగా వ్యవహరించారు. ఉస్మానియాలోనూ 2014–16, 2019–21, 2024 సంవత్సరాల్లో ఇదే జరిగింది. ఇతర శాఖల పనులతో పాటు ఈ బాధ్యతను చూసే అధికారి దైనందిన వ్యవహారాలు నడపగలడు. కొత్త కోర్సులు, పరిశోధన, నియామకాలు వంటి దీర్ఘకాలిక నిర్ణయాలు మాత్రం పూర్తికాలపు వీసీ కోసం ఎదురుచూస్తాయి.

నేటి నిధుల స్వరూపం

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా బ్లాక్ గ్రాంటు ఇస్తుంది. పాత విశ్వవిద్యాలయాల్లో అందులో అధికభాగం జీతాలకు, పెన్షన్లకే సరిపోతుంది. మిగతా ఖర్చుకు పరీక్ష రుసుములు, అనుబంధ కళాశాలల రుసుములు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఆదాయం ఆధారం. కేంద్ర సహాయానికి యూజీసీ చట్టం 12(బి) కింద గుర్తింపు తప్పనిసరి. 2013లో మొదలైన రూసా అనే ఉన్నత విద్యా సహాయ పథకంలో కేంద్ర, రాష్ట్రాల వాటా తరువాతి కాలంలో 60:40గా ఉండేది. దాని రెండో విడతలో 100 కోట్ల రూపాయల శ్రేణికి ఎంపికైనవాటిలో ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు రెండూ ఉన్నాయి. 2017 ఏప్రిల్ 26న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలకు రాష్ట్ర బడ్జెట్ 200 కోట్ల రూపాయలు ప్రకటించింది. అదే ఏడు ఉస్మానియాకు విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ నుంచి ఎ+ గ్రేడు లభించింది.

పోటీ మీద ఇచ్చే నిధులు ప్రయోగశాలలు, పీహెచ్‌డీ విద్యార్థులు, ప్రచురణలు ఇదివరకే ఉన్నచోటికి వెళతాయి. అందువల్ల నల్లగొండ వంటి కొత్త విశ్వవిద్యాలయాలు రాష్ట్ర సహాయం మీదే ఎక్కువగా ఆధారపడుతున్నాయి. అధ్యాపక నియామకాలు ఏళ్ళ తరబడి నిలిచిపోవడంతో బోధనభారం చాలావరకు ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకులపై పడింది. నియామకాల కోసం 2022లో శాసనసభ ఆమోదించిన ఉమ్మడి బోర్డు బిల్లుకు గవర్నర్ ఆమోదం లభించలేదు.

ముగింపు

ఉస్మానియాకు పేరు తెచ్చిన ఆచార్యుల్లో ఎక్కువమంది స్థిరమైన ఉద్యోగంలో, ఒకే శాఖలో ఏళ్ళ తరబడి పనిచేసినవారు. గుర్తుండిపోయిన వైస్ ఛాన్సలర్లు నాలుగైదేళ్ళకు తగ్గకుండా కుర్చీలో ఉన్నవారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లల విశ్వవిద్యాలయానికి అలాంటి ఆచార్యులు, అలాంటి అధిపతులు దక్కాలంటే గడువు తీరకముందే తదుపరి వీసీని ఎంపిక చేయాలి, ఖాళీలను శాశ్వత ప్రాతిపదికన నింపాలి, బ్లాక్ గ్రాంటును అవసరం మేరకు పెంచాలి. ఈ మూడూ రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పనులే.