ఈ పిల్లవాడి ఫైలు ఏ శాఖది? – దివ్యాంగుల విద్యా విధానం కథ

సమ్మిళిత విద్య మీద ప్రశ్న కనిపించగానే మనలో చాలామంది సంవత్సరాల పట్టిక అప్పజెప్పేస్తాం: 1974, 1986, 1995, 2009, 2016, 2020. ఆ పట్టిక రావాల్సిందే, కానీ అదొక్కటే రాస్తే జవాబు కాదు. ఈసారి మీరు ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని ఈ చరిత్ర చదివి చూడండి: చూపు లేని పిల్లవాడి చదువుకు సంబంధించిన ఫైలు ఏ కాలంలో ఏ శాఖ బల్ల మీద ఉంది? విద్యాశాఖ బల్ల మీదా, సంక్షేమ శాఖ బల్ల మీదా?

మొదట్లో అది దాదాపు ఎవరి బల్ల మీదా లేదు. 1887లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అమృత్‌సర్‌లో అంధ బాలల బడి తెరిచారు. తర్వాత అది డెహ్రాడూన్ దగ్గరి రాజ్‌పూర్‌కు మారింది. బొంబాయిలో, కలకత్తాలో, తమిళనాట పాలయంకోట్టైలో బధిరుల బడులు వచ్చింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. దయగలవాళ్లు ఉన్న ఊళ్లో బడి ఉండేది, లేని ఊళ్లో లేదు.

ఇక 1944 నాటి సార్జెంట్ నివేదిక. దీన్ని మనం 'నలభై ఏళ్లలో సార్వత్రిక విద్య' అన్న ఒక్క ముక్కతో వదిలేస్తాం. అందులో దివ్యాంగుల విద్య గురించి ఉన్న మాటలు ఈనాటికీ పనికొస్తాయి. ఈ పిల్లల చదువు జాతీయ విద్యావ్యవస్థలో భాగం కావాలనీ, దాన్ని విద్యాశాఖే నడపాలనీ, వీలైనంతవరకు వాళ్లను మిగతా పిల్లల నుంచి వేరుచేయరాదనీ ఆ నివేదిక చెప్పింది. అంటే పరిష్కారం స్వాతంత్ర్యానికి ముందే కాగితం మీద ఉంది!

కొఠారి కమిషన్ (1964–66) కూడా ఈ చదువు సాధారణ విద్యలో విడదీయరాని భాగమని ఒప్పుకుంది. కానీ లక్ష్యాలు చూడండి: 1986 నాటికి అంధ, బధిర, శారీరక వైకల్యం ఉన్న పిల్లల్లో సుమారు 15 శాతానికి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో 5 శాతానికి చదువు అందించాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా నూటికి ఎనభై అయిదుగురు బడి బయటే ఉంటారన్నమాట. డబ్బులేదు, ఉపాధ్యాయులు లేరు, నిజమే. కానీ అదే కమిషన్ ఇంకోమాట కూడా అంది: మామూలు మనుషుల కోసం కట్టుకున్న సమాజంలో సర్దుకుని బతికేలా ఈ పిల్లలను తయారుచేయడమే వాళ్ల చదువు ప్రధాన కర్తవ్యమట. సర్దుకోవాల్సింది పిల్లవాడే గానీ బడి కాదు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పనిబడుతుంది.

1974లో దివ్యాంగ బాలల సమైక్య విద్యా పథకం వచ్చింది. పుస్తకాలకు, యూనిఫాంకు, రవాణాకు, పరికరాలకు కేంద్రం డబ్బిచ్చింది. పిల్లలు చేరేది మామూలు బడుల్లో, పథకం నడిపేది మాత్రం సాంఘిక సంక్షేమ విభాగం! సొంత శాఖ పథకం కానప్పుడు హెడ్మాస్టరుకు ఏం పట్టింపు ఉంటుంది? 1982లో గానీ అది విద్యా విభాగానికి బదిలీ కాలేదు. సార్జెంట్ చెప్పినదానికీ ఈ బదిలీకీ మధ్య 38 ఏళ్లు. 1986 జాతీయ విద్యా విధానంలోనూ స్వల్ప వైకల్యం ఉన్నవాళ్లకే, అదీ 'సాధ్యమైన చోట', మామూలు బడి.

1995 చట్టం 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అంది. చట్టంలో ఉన్నది తరగతి గదిదాకా రావడం వేరే సంగతి. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఆ చట్టం అమల్లో ఉన్న కాలంలోనే, మంచి మార్కులతో పది పాసై కూడా, చూపు లేనందువల్ల ఇంటర్‌లో సైన్స్ తీసుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. గెలిచి, 98 శాతం మార్కులు తెచ్చుకుని, ఎంఐటీకి వెళ్లారు. కోర్టుకు వెళ్లలేని పిల్లల సంగతేమిటన్నది మీరే ఆలోచించండి.

అసలు విచిత్రం 2009లో జరిగింది. 6–14 ఏళ్ల పిల్లలందరికీ విద్యాహక్కు ఇచ్చిన చట్టం, దివ్యాంగుల దగ్గరకు వచ్చేసరికి వాళ్ల హక్కు 1995 చట్టం ప్రకారం ఉంటుందని చెప్పి ఊరుకుంది. ఫైలు మళ్లీ పక్క బల్ల మీదికే! 'ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గాల' నిర్వచనంలో వీళ్ల పేరే లేదు. 2012 సవరణతో ఆ పేరు చేరింది, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటివద్ద చదివే హక్కూ వచ్చింది. ఈలోగా 2011 జనగణన లెక్క తేల్చింది: 5–19 ఏళ్ల దివ్యాంగుల్లో 61 శాతం చదువుకుంటున్నారు, 27 శాతం ఎన్నడూ బడి గడప తొక్కలేదు.

2016 చట్టంలో 21 వైకల్యాల జాబితా మీకు తెలిసిందే. అంతకన్నా ముఖ్యం సమ్మిళిత విద్యకు అది ఇచ్చిన నిర్వచనం: అందరూ కలిసి చదవాలి, బోధనే వాళ్ల అవసరాలకు తగ్గట్టు మారాలి. కొఠారి వాక్యం పక్కన పెట్టి చదవండి. 'సమైక్య', 'సమ్మిళిత' పదాల తేడా అడిగితే ఈ రెండు వాక్యాలే జవాబు. 2020 విధానం ఈ చట్టాన్నే సమర్థించింది.

మరి బోధన మార్చేదెవరు? 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలంది. మన మండలాల్లో భవిత కేంద్రాలు నడిపే రిసోర్స్ పర్సన్లు ఎలాంటి నియామకాల మీద పనిచేస్తున్నారో, ఒక్కొక్కరు ఎన్ని ఊళ్లు తిరుగుతారో ఒకసారి వెళ్లి అడగండి. ప్రత్యేక పాఠశాలలకు గ్రాంటు నేటికీ సామాజిక న్యాయ శాఖ నుంచే వస్తుంది. ఫైలు ఇంకా రెండు బల్లల మీద ఉంది.

మన పరీక్ష హాలు కూడా ఈ చరిత్రలో ఉంది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే సమస్య ఉన్న ఒక అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో సివిల్స్‌లో స్క్రైబ్‌ను నిరాకరించారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. 40 శాతం గీత రిజర్వేషన్లకే గానీ ఇలాంటి సదుపాయాలకు కాదంది. 2022 ఆగస్టులో కేంద్రం అందుకు మార్గదర్శకాలిచ్చింది. మీ తోటి అభ్యర్థుల్లో ఎవరికైనా ఈ అవసరం ఉంటే, దరఖాస్తు గడువు ముగియకముందే ఈ సంగతి చెప్పండి.