క్యాజువాలిటీలో ఏ సిస్టర్ పని ఏమిటి? ఆత్రేయపురం కుటుంబాలకు ఉపయోగపడే వివరాలు

ఆత్రేయపురంలో రాత్రిపూట ఇంట్లో పెద్దాయనకు ఛాతీలో నొప్పి వస్తే ముందు 108కి ఫోన్ చేస్తాం. బండి రావులపాలెం వెళ్లొచ్చు, కొత్తపేట వెళ్లొచ్చు, లేదా బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్లొచ్చు. ఎక్కడికి వెళ్లినా లోపల మొదట ఎదురయ్యేది చాలాసార్లు డాక్టర్ కాదు, నర్స్. వయసెంత, నొప్పి ఎప్పుడు మొదలైంది, షుగర్ ఉందా అని ఆమె అడుగుతుంటే "ముందు డాక్టర్‌ని పిలవండమ్మా" అని మనవాళ్లు కంగారుపడతారు. మన తర్వాత వచ్చినవాళ్లను ముందు లోపలికి తీసుకెళ్తే కోపం కూడా వస్తుంది. నిజానికి ఆ ప్రశ్నలతోనే వైద్యం మొదలైనట్టు లెక్క. అక్కడ ఎవరి పని ఏమిటో తెలిస్తే మన పేషెంటుకే మేలు.

వరుస కాదు, ప్రమాదం ముఖ్యం

ఎమర్జెన్సీలో టోకెన్ పద్ధతి ఉండదు. వచ్చినవారిలో ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉందో చూసి వేరు చేస్తారు. దీన్ని ట్రయాజ్ అంటారు. వేరుచేయడం అనే అర్థమున్న ఫ్రెంచ్ మాట నుంచి వచ్చింది. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన లారే, గాయపడినవారిని హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి ముందుగా చూసే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు బ్రిటన్, అమెరికా ఆసుపత్రుల్లో ఐదు స్థాయిలుగా విడదీస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ పద్ధతిలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వాడతారు.

ఈ పని చేసే నర్స్ పేషెంటు ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం, స్పృహ చూస్తారు. ఊపిరి అందనివారు, స్పృహ లేనివారు, రక్తం ఆగనివారు ఎరుపు కిందికి వస్తారు. వారిని వెంటనే లోపలికి తీసుకుంటారు. కాలు బెణికినవారు, మామూలు జ్వరంతో వచ్చినవారు ఆకుపచ్చ. వీరు కాసేపు ఆగాల్సి రావచ్చు. ఆగేలోగా నొప్పి పెరిగినా, చెమటలు పట్టినా వెంటనే నర్స్‌కు చెప్పాలి. రంగు మారొచ్చు.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. పక్షవాతం లక్షణాలుంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల వరకే సమయం. అందుకే "చివరిసారిగా బాగున్నది ఎప్పుడు?" అని అంత పట్టుబట్టి అడుగుతారు.

లోపల పనుల పంపకం

పెద్ద ఆసుపత్రిలో ఎరుపు విభాగానికి వేరే నర్సులు ఉంటారు. గుండె ఆగిన పేషెంటు వస్తే ఒకరు ఛాతీ నొక్కుతారు, ఒకరు బ్యాగుతో ఊపిరి అందిస్తారు, ఒకరు నరానికి సూది పెట్టి మందులు ఎక్కిస్తారు. ఇంకొకరు ఏ మందు ఏ నిమిషంలో ఇచ్చారో రాస్తారు. రాస్తూ నిలబడిన సిస్టర్ ఊరికే ఉన్నట్టు కనిపిస్తారు గానీ, ఆ కాగితం లేకపోతే తర్వాతి డోసు ఎప్పుడివ్వాలో తెలియదు.

పసుపు విభాగంలోని నర్సులు సెలైన్లు, ఇంజెక్షన్లు, రక్త పరీక్షలు చూస్తూ మధ్యమధ్యలో బీపీ కొలుస్తారు. కట్లు, కుట్ల గదిలో మరొకరు ఉంటారు. వీళ్లందరిపైనా ఇన్‌చార్జ్ సిస్టర్ ఉంటారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్స్, హెడ్ నర్స్, నర్సింగ్ సూపరింటెండెంట్ అనేది వరుస. బెడ్ దొరకలేదన్నా, వేరే ఆసుపత్రికి పంపుతున్నారన్నా మాట్లాడాల్సింది ఇన్‌చార్జ్‌తో. సూది పెడుతున్న నర్స్‌ను ఆపి అడిగితే పనే ఆగుతుంది.

2023లో మెడికల్ కాలేజీ మొదలైన రాజమండ్రి ప్రభుత్వ ఆసుపత్రి, రంగరాయ కాలేజీకి అనుబంధంగా ఉన్న కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ఇలా పంచుకోవడం వీలవుతుంది. పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీకి ఒక్క స్టాఫ్ నర్సే ఉండటం మామూలు. పైన చెప్పిన పనులన్నీ ఆమె ఒక్కరే చేయాలి. అక్కడ ముఖ్యమైన పని పేషెంటును నిలకడ చేసి, కాగితం రాసి పైకి పంపడం. ఆ కాగితం, పాత రిపోర్టులు పారేయకుండా పట్టుకెళ్లాలి.

గాజు గొట్టంలో 20 నిమిషాలు

వరి చేలు, కొబ్బరి తోటలున్న మన ప్రాంతంలో పాముకాటు అరుదు కాదు. ఆసుపత్రికి చేరగానే నర్స్ కొంచెం రక్తం తీసి, గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. ఎవరూ ఏమీ చేయడం లేదని బయట బంధువులు గొడవ పడేది సరిగ్గా అప్పుడే. గడ్డ కట్టకపోతే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కిందని తెలుస్తుంది, వెంటనే విరుగుడు మందు మొదలుపెడతారు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. కాబట్టి రెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని కూడా గమనిస్తుంటారు.

కాటు దగ్గర కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయకూడదు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో విప్పొద్దు, నర్స్‌కు చూపించాలి.

పర్దా, రోజా విషయాలు

ఈసీజీ తీయాలంటే ఛాతీ మీద బట్ట తొలగించాలి. ఆడవాళ్లకైతే తెర వేసి మహిళా నర్స్‌తో తీయించమని అడగొచ్చు, అది తప్పుగా ఎవరూ అనుకోరు. కానీ ఆ సమయానికి మగ నర్స్ ఒక్కరే ఉంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆలస్యం చేయొద్దు.

రంజాన్‌లో షుగర్ పేషెంటు కళ్లు తిరిగి పడిపోతే రోజా ఉన్నారని, సెహ్రీలో ఏం తిన్నారో, ఏ మాత్ర లేదా ఎంత ఇన్సులిన్ తీసుకున్నారో చెప్పాలి. షుగర్ 70 కన్నా తగ్గితే ప్రమాదం. స్పృహ లేనివారి నోట్లో షర్బత్ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నర్స్ నరం ద్వారా గ్లూకోజ్ ఇస్తారు.

పోలీసు కేసు భయం

యాక్సిడెంట్, కాలిన గాయాలు, విషం తాగిన కేసులను మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు. పేషెంటు బట్టలు, వస్తువులు నర్స్ భద్రపరుస్తారు. దీని కోసం వైద్యం ఆపరు. పోలీసు లాంఛనాలకన్నా ప్రాణం కాపాడటమే ముందని, ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరికీ ఇది వర్తిస్తుందని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యాక్సిడెంటులో గాయపడినవారిని ఆసుపత్రికి తెచ్చినవారికి రక్షణ కల్పిస్తూ 2019లో మోటారు వాహనాల చట్టంలో కొత్త సెక్షన్ చేర్చారు. అలాగే ఆసుపత్రి సిబ్బందిపై దాడి చేస్తే శిక్షించే చట్టం రాష్ట్రంలో 2008 నుంచే ఉంది. అది నర్సులకూ వర్తిస్తుంది.

ఇంట్లో ఇప్పుడే రాసి పెట్టుకోండి

- పెద్దల వయసు, ఉన్న జబ్బులు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు
- పడని మందులు
- జరిగిన ఆపరేషన్లు, పాత ఈసీజీ కాపీ
- ఆసుపత్రిలో మాట్లాడే ఒక్క మనిషి ఎవరు అన్నది

పదిమంది కలిసి లోపలికి వెళ్తే నర్స్ ఎవరికి జవాబు చెప్పాలి? ఒక్కరు నిలబడి, అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిస్తే చాలు. ఆ ఇంటి మనిషి తప్ప మరెవరూ చెప్పలేని సమాచారం అది. నర్స్ అడిగేది దాని కోసమే.