లూటీకి రసీదు రాసిచ్చినవాడు



పోయిన చలికాలం సెలవుల్లో బాల్‌బచ్చాలతో కలిసి విశాఖలో అరకు రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా చిన్నోడు కేకలు పెడుతున్నాడు. ఇంగ్లీషు మీడియంలో చదివే మా అమ్మాయి మాత్రం ఫోన్‌లో ఏదో చదువుతూ, ఉన్నట్టుండి తలెత్తి అడిగింది.

"అబ్బూ, అల్లూరి సీతారామరాజు మనుషులు మూడు పోలీస్ స్టేషన్లు లూట్ చేశారని ఇక్కడ రాసుంది. లూట్ చేసేవాళ్లు చోర్లు కదా? మరి ఈ జిల్లాకి ఆయన పేరు ఎందుకు పెట్టారు?"

సవాల్ చిన్నదే. జవాబు మాత్రం బొర్రా గుహలు దాటినా నా నోటికి రాలేదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఆ ఇంగ్లీషు లఫ్జ్ చుట్టపు పేరులా వినిపించింది. ఎందుకంటే 'లూట్' మన ఇంటి మాటే.

దీని వేరు సంస్కృతంలోని 'లుంఠ్'. తెలుగులో లుంఠనం అంటే దోపిడీయే. అదే హిందీ, ఉర్దూల్లో 'లూట్' అయింది. 1788లో హిందుస్తానీ మాటల మాయనీలు దొరలకు చెప్పడానికి అచ్చయిన ఒక చిన్న నిఘంటువులో ఇది మొదటగా ఇంగ్లీషువాళ్ల పుస్తకంలోకి ఎక్కింది. 1840ల నాటికి వాళ్లు దాన్ని క్రియగా వాడటం మొదలుపెట్టారు. చైనా యుద్ధం, క్రిమియా యుద్ధం, 1857 తర్వాత ఈ మాట ఇంగ్లాండులో బాగా పాకిందని 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతుంది. అంటే దీన్ని ఓడెక్కించి తీసుకెళ్లింది పండితులకంటే ఎక్కువగా సిపాయిలే. 1858లో లక్నో కైసర్‌బాగ్‌ని ఊడ్చేసిన చేతులకు ఆ పనికి మాట కూడా మన దగ్గరే దొరికింది.

మన ఇళ్లలో ఈ మాటకు ఎన్ని రంగులో! కూరగాయలవాడు ధర పెంచితే అమ్మీ "లూట్ లియా రే" అనేది. తెగిన పతంగి వెంట పరిగెత్తడం పతంగ్ లూట్నా. షాయర్ బాగా చదివితే ముషాయిరా లూట్ లియా. ఇంగ్లీషులోనూ ఇప్పుడు పుట్టినరోజు పార్టీలో పిల్లలకిచ్చే కానుకల సంచిని 'లూట్ బ్యాగ్' అంటున్నారు. మాట పదును పోయిందనిపిస్తుంది. కానీ అఖ్బార్లలో, సర్కారీ కాగితాల్లో ఆ పదును అలాగే ఉంది.

ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను కాబట్టి ఒకటి తెలుసు. జరిగిన పని ఒకటే అయినా, దానికి ఏ క్రియ తగిలిస్తామన్నది చేసినవాడిని బట్టి మారిపోతుంది. 2005లో అమెరికాలో కత్రినా తుపానప్పుడు నీళ్లలో తిండి సామాను పట్టుకెళ్తున్న ఫోటోలు రెండు వచ్చాయి. నల్లజాతి యువకుడి ఫోటో కింద 'లూట్ చేశాడు' అని, తెల్లవాళ్ల ఫోటో కింద 'దొరికింది' అని రాశారు. వేర్వేరు ఏజెన్సీల ఫోటోలే, కానీ పక్కపక్కన పెట్టి చూసిన దునియా నివ్వెరపోయింది. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ షహీద్ అయ్యాక కంపెనీ ఫౌజు ఖజానా పంచుకోవడానికి 'ప్రైజ్ కమిటీ' వేసుకుంది. ప్రైజ్ అంటే ఇనాము! ఆ ఇనాముల్లోని కొయ్యపులి ఇప్పటికీ లండన్ మ్యూజియంలో ఉంది.

ఇక మన్యానికి వద్దాం. ఇక్కడి తిరుగుబాట్లకు తెల్లదొరలు పెట్టిన పేరు 'ఫితూరీ'. అదీ మన లఫ్జే. అరబీలో 'ఫుతూర్' అంటే నీరసం, సడలిపోవడం. ఉర్దూకొచ్చేసరికి ఖరాబీ, గడబిడ అయింది. ఇప్పటికీ 'దిమాగ్ కా ఫితూర్' అంటాం కదా! బగావత్ అంటే దానికి ఒక కారణం ఉంటుంది. ఫితూరీ అంటే బుర్ర చెడినవాళ్ల అల్లరి. ఒక్క మాటతో కారణం మాయమైంది.

అసలు కారణమేంటి? 1879లో రంప కొండల్లో మొదలైన బగావత్‌కి మూలం జీలుగు కల్లు మీద పడిన పన్ను. కల్లు మనకు హరామే, అందులో బహస్ లేదు. కానీ కొండవాళ్లకు ఎండాకాలంలో అది కూడు లాంటిది. తమ చెట్టు కల్లు తాము తాగడానికి కూడా ఆబ్కారీ చట్టం అడ్డొచ్చింది, మన్సబ్‌దారు చిగురుపన్ను వేశాడు. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు తిరగబడ్డారు.

ఇక్కడ మనమూ కాసేపు ఆగాలి. ఆబ్కారీ, మన్సబ్‌దారు, తహసీల్దారు, అన్నీ మన దర్బారుల నుంచి వచ్చిన లఫ్జులే. మన జబాన్ కొండలెక్కిందని ఫఖర్‌గా చెప్పుకునే ముందు, అది ఎవరి వెంట ఎక్కిందో చూసుకోవాలి. వసూలు చేసేవాడి వెంట ఎక్కింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతలనాటి పోడు భూమి 'రిజర్వు' అయింది. కొండవాళ్లతో రోడ్లు వేయించి కూలి సరిగా ఇవ్వలేదు. వీటిలో దేన్నీ సర్కారు లూటీ అనలేదు. పన్ను, రిజర్వు, పబ్లిక్ వర్క్స్ అని కాగితం మీద ముద్దుగా రాసుకుంది.

1922 ఆగస్టు 22న సీతారామరాజు మనుషులు చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడింట్లో కలిపి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు తీసుకెళ్లారు. సర్కారు దృష్టిలో ఇది పక్కా లూటీ. అయితే చింతపల్లిలో ఏం తీసుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలోనే రాసి, రాజు దాని కింద దస్తఖత్ చేసి మరీ వెళ్లాడు.

దునియాలో ఏ చోరు రసీదు రాసిస్తాడు? చోరీ చేసేవాడు ముందుగా దాచుకునేది పేరే. ఈయన పేరు బయటపెట్టాడు. "ఇది చోరీ కాదు, జంగ్" అని వాళ్ల పుస్తకంలోనే, వాళ్ల హిసాబు పద్ధతిలోనే జవాబిచ్చాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని పట్టుకుని కాల్చేశారు. కొండవాళ్ల దగ్గర అంతకాలం లాక్కున్నదానికి హుకూమత్ ఎవరికీ రసీదు ఇవ్వలేదు.

దొరలు పోయినా ఈ మాటల పేచీ పోలేదు. మేం రైల్లో దాటిన బొర్రా ప్రాంతంలోనే గనులకు కంపెనీలకు 'లీజు'లిచ్చారు. దాని మీద 'సమత' సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లీజు అన్న మాట ఎంత మర్యాదగా ఉన్నా, కోర్టు దాని వెనక ఎవరి హఖ్ పోతోందో చూసింది.

అరకులో దిగి కాఫీ తాగుతూ అమ్మాయికి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "అయితే 'లూట్' అని రాసినవాళ్లు ఝూట్ రాశారా అబ్బూ?" అంది.

ఝూట్ కాదు బేటీ, సగం రాశారు. తుపాకులు తీసుకెళ్లారన్నది నిజం. అంతకుముందు కొండల నుంచి ఏమేం తీసుకెళ్లారో కూడా అదే క్రియతో రాసి ఉంటే పూర్తి నిజమయ్యేది.

రేపు అఖ్బారులోనో, వాట్సాప్‌లోనో మనవాళ్ల గురించి గానీ ఇంకొకళ్ల గురించి గానీ 'లూటీ' అన్న మాట కనబడితే, మీ పిల్లలతో ఒక్క సవాల్ అడిగించండి. రసీదు ఇచ్చింది ఎవరు, ఇవ్వనిది ఎవరు?